ఊపిరి బిగబడితే లోపల ‘ఇక చాలు’ అనేది ఎవరు? మా అమ్మాయికి పోయిన ఒక మార్కు గొడవ

ఆటోనగర్_నాన్న
మా అమ్మాయి బెజవాడలోనే ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. కాలేజీ పేరు వద్దులెండి. మొన్న వీకెండ్ టెస్టులో శ్వాసక్రియ నియంత్రణ మీద నాలుగు మార్కుల ప్రశ్న వచ్చింది. పుస్తకంలో ఉన్నదంతా రాసి, చివర్లో సొంతంగా ఒక లైను కలిపింది: “రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే పసిగట్టడంలో ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలకు కూడా పాత్ర ఉంది.” లెక్చరర్ ఆ లైను చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన “గ్లియా అంటే జిగురు. పని చేసేవి న్యూరాన్లు. ఎక్కువ తెలివి వద్దు” అని రాసి ఒక మార్కు కోశాడు.

మార్కు పోతే పోయింది. ఆ “ఎక్కువ తెలివి వద్దు” దగ్గరే నాకు మండింది. పిల్ల రెండు రోజులుగా పుస్తకం ముట్టుకోవట్లేదు. అడిగితే “నేను చదివాను నాన్నా, నిజమే” అంటుంది, ఎక్కడ చదివిందో గుర్తు లేదంటుంది. నేను పదో తరగతితో ఆపినవాణ్ణి, లారీ స్పేర్ పార్టుల షాపు నాది. ఇంజిన్ గురించి అడిగితే చెప్తాను గానీ మెదడు పార్టులు నా దగ్గర దొరకవు. ఆ లైను నిజమా కాదా, ఎవరైనా తేల్చి చెప్పండి. నిజమైతే సోమవారం వెళ్లి అడుగుతా.

గవర్నర్‌పేట_మాస్టారు
వెళ్లి అడిగి ఏం సాధిస్తారండి? పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయాలి, మనకు తెలిసింది కాదు. నేను పదిహేనేళ్లు పేపర్లు దిద్దాను. కీలో లేని లైను కనపడితే చెయ్యి ఆగుతుంది, ఆగితే కట్ట పూర్తి కాదు. అంతకు మించి అందులో పగ ఏమీ ఉండదు.

బ్రాడీపేట_4బై7
పుస్తకంలో ఏముందో ఎవరైనా చూశారా? మా తమ్ముడి ఎన్‌సీఈఆర్‌టీ తీసి ఇప్పుడే చదివా. లయ కేంద్రం పక్కన కార్బన్ డై ఆక్సైడ్‌కీ హైడ్రోజన్ అయాన్లకీ బాగా స్పందించే “ప్రాంతం” ఒకటి ఉందని మాత్రమే ఉంది. ఆ ప్రాంతంలో స్పందించే కణాలు ఏవో చెప్పనే లేదు. అంటే న్యూరాన్లే అన్నది లెక్చరర్ గారు కూడా సొంతంగా కలిపిన ముక్కే. ఆయనకూ ఒక మార్కు కొయ్యాలి.

పీజీ_ఫిజియాలజీ
అమ్మాయి రాసింది తప్పు కాదు. మెదడులో కబుర్లు మోసే నరాల కణాలు న్యూరాన్లు. వాటి చుట్టూ ఉండే మిగతా కణాలు గ్లియా, అందులో ఒక రకం ఆస్ట్రోసైట్లు. కొంచెం ఓపిగ్గా చదవండి, డ్యూటీ లేదు కాబట్టి వివరంగానే రాస్తున్నా.

ఊపిరి బిగబట్టి కూర్చుంటే కాసేపటికి ఛాతీలో గుంజినట్టు అవుతుంది కదా. ఆక్సిజన్ అయిపోయి అట్లా అవుతుందని అందరూ అనుకుంటారు. కాదు. కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుంటుంది, అది నీళ్లలో కలిసి ఆమ్లం అవుతుంది. మెదడు కింది కొసన, వెన్నుపాముకు కాస్త పైన ఉండే భాగం మెడుల్లా. దాని అడుగు భాగాన, పైపొరకు దగ్గర్లో ఆ పులుపును రుచి చూసే ఏర్పాటు ఉంది. ధమని రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పీడనం మామూలుగా 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది రెండు మూడు పెరిగినా ఊపిరి లోతు మారిపోతుంది. ఆక్సిజన్ మాత్రం సుమారు 100 నుంచి 60 దాకా దిగినా పెద్దగా చలనం ఉండదు.

ఇక్కడ రెండు పనులు విడదీసి చూడాలి. ఒకటి పాటకు వేసినట్టు లయగా తాళం వెయ్యడం, రెండోది రుచి చూడటం. తాళం వేసే చోటు ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వాళ్ల జట్టు అప్పుడే పుట్టిన ఎలుక మెడుల్లా నుంచి పల్చటి ముక్క కోసి గిన్నెలో పెడితే, ఊపిరితిత్తులు లేవు, ఛాతీ లేదు, అయినా ఆ ముక్క లయగా కొట్టుకుంటూనే ఉంది. ఇది న్యూరాన్ల పనే, ఇందులో గొడవ లేదు. బోట్జింగర్ అనేది శాస్త్రవేత్త పేరు కాదు. 1978లో జర్మనీలో జరిగిన ఒక సమావేశంలో ఫెల్డ్‌మన్ ఎదురుగా ఉన్న వైన్ సీసా మీది పేరు.

రుచి చూసేది ఎవరన్నదే మీ ప్రశ్న. 2010లో అలెగ్జాండర్ గూరిన్, సెర్గీ కాస్పరోవ్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. ఎలుకల మెడుల్లా అడుగున ఉన్న ఆస్ట్రోసైట్లు కొద్దిపాటి పులుపుకే మేలుకుంటున్నాయి, లోపల కాల్షియం పెరుగుతోంది, ఏటీపీ అనే రసాయనాన్ని కబురులా బయటికి వదులుతున్నాయి. ఆ ఏటీపీ పక్కనున్న న్యూరాన్లను తట్టి లేపుతోంది. అక్కడితో ఆగలేదు. వెలుతురు పడితే స్పందించే ప్రొటీన్‌ను ఆస్ట్రోసైట్లలోకి మాత్రమే ఎక్కించి దీపం వేశారు. ఎలుక ఊపిరి పెరిగింది. కార్బన్ డై ఆక్సైడ్ పెంచలేదు, న్యూరాన్లను ముట్టుకోలేదు, జిగురును గిల్లారు, ఊపిరి మారింది.

మిర్చియార్డ్_మూర్తి
మిగతాది తర్వాత. ఊపిరి తీసే చోటుకి మందు సీసా పేరు పెట్టారా?!

బ్రాడీపేట_4బై7
@మిర్చియార్డ్_మూర్తి మన దగ్గర కనిపెట్టి ఉంటే ప్రీ-గోలీసోడా కాంప్లెక్స్ అయ్యేది.

మిర్చియార్డ్_మూర్తి
సోడా అంటే కార్బన్ డై ఆక్సైడే కదా, ఇంకా పద్ధతిగా ఉండేది. సరే నా డౌటు. యార్డులో టిక్కీలు దించేటప్పుడు ఎండు మిరప ఘాటుకి ఊపిరి ఆడదు, దగ్గు మీద దగ్గు. ఇరవై ఏళ్ల నుంచి అదే దుమ్ములో ఉన్నా అలవాటు కాలేదు. అదీ ఈ గ్లియా పనేనా?

పీజీ_ఫిజియాలజీ
@మిర్చియార్డ్_మూర్తి కాదన్నా. అది గొంతులో, గాలి గొట్టాల్లో ఉన్న నరాల కొసల పని. మిరపలోని క్యాప్సైసిన్ పట్టుకునే గ్రాహకం ఒకటి ఆ కొసల మీద ఉంటుంది, వేడి తగిలినా అదే మోగుతుంది. అందుకే కారం తింటే మంట అంటాం. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మీ యార్డు సరుకు మీద నోబెల్ అన్నమాట.

మిర్చియార్డ్_మూర్తి
కమిషన్ మాత్రం మాకు రాలేదు.

గవర్నర్‌పేట_మాస్టారు
2010 ప్రయోగం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. కానీ జిగురు అనే మాట లెక్చరర్ కల్పించలేదు. 1856లో విర్కో పెట్టిన పేరే అది. గ్లియా అంటే గ్రీకులో జిగురే. వంద సంవత్సరాలకు పైగా అట్లాగే చెప్పారు, మేమూ అట్లాగే చదివాం, అట్లాగే చెప్పాం.

సింగ్‌నగర్_సుబ్బు
మెదడులో న్యూరాన్లకంటే గ్లియా పది రెట్లు ఎక్కువని విన్నా. అన్ని ఊరికే జిగురుగా ఎందుకు ఉంటాయి చెప్పండి.

ల్యాబ్_ఎలుక
@సింగ్‌నగర్_సుబ్బు పది రెట్లు అనేది తప్పు లెక్క. 2009లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మనిషి మెదడును ద్రవంగా కరిగించి కణాల కేంద్రకాలు లెక్కపెట్టింది. న్యూరాన్లు దాదాపు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపి కూడా ఇంచుమించు అంతే. ఒకటికి ఒకటి. ఇప్పటికీ పది రెట్లని చెప్పే పుస్తకాలున్నాయి.

నాది పొన్నూరు దగ్గర పల్లె, ప్రస్తుతం బయటి దేశంలో ఇదే రంగంలో పని. @పీజీ_ఫిజియాలజీ చెప్పిన ప్రయోగాలు నిజమే గానీ, సగం కథే చెప్పారు. మెడుల్లాలో రెట్రోట్రెపిజాయిడ్ న్యూక్లియస్ అని చిన్న న్యూరాన్ల గుంపు ఉంది. కార్బన్ డై ఆక్సైడ్‌కు అవి స్పందిస్తాయని గైనే, బేలిస్ బృందం 2004 నుంచీ చూపిస్తోంది. 2015లో ‘సైన్స్’లోనే ఇంకో ప్రయోగం వచ్చింది. పులుపును పట్టే రెండు ప్రొటీన్లు, జీపీఆర్4, టాస్క్-2. ఆ రెండూ లేని చిట్టెలుకల్లో కార్బన్ డై ఆక్సైడ్ పెంచినా ఊపిరి దాదాపు కదలలేదు. తర్వాత జీపీఆర్4ను ఆ న్యూరాన్లలోకి మాత్రమే తిరిగి పెడితే స్పందన తిరిగి వచ్చింది. గ్లియాలో ఏ మార్పూ చెయ్యలేదు. మరి రుచి చూసింది ఎవరు?

ఆటోనగర్_నాన్న
అయ్యా, ఇద్దరూ పెద్ద చదువుల వాళ్లు, ఇద్దరూ ‘సైన్స్’ అనే చెప్తున్నారు. నాకు అర్థమయ్యే భాషలో ఒక మాట. లారీలో ఇంజిన్ వేడి పసిగట్టేది సెన్సర్. ఫ్యాను తిప్పమని చెప్పేది ఈసీఎం. తిరిగేది ఫ్యాను. ఇక్కడ ఫ్యాను ఊపిరితిత్తి అనుకుందాం. సెన్సర్ ఎవరు, ఈసీఎం ఎవరు?

పీజీ_ఫిజియాలజీ
ఈసీఎం న్యూరాన్లు, అందులో ఇద్దరికీ గొడవ లేదు. సెన్సర్ దగ్గరే గొడవ. నా లెక్కలో రెండు సెన్సర్లున్నాయి: ఒకటి ఈసీఎం లోపలే ఉంది, ఇంకోటి పక్కన గ్లియాలో ఉంది. @ల్యాబ్_ఎలుక గారి లెక్కలో మొదటిదే అసలుది.

ఆటోనగర్_నాన్న
రెండు సెన్సర్లా? కొత్త మోడల్ బండ్లలో అట్లాగే ఉంటుంది. ఒకటి పోతే ఇంకోటి కాస్తుంది. అయితే మా పిల్ల “కూడా” అని రాసింది కదా, సరిపోయింది.

ల్యాబ్_ఎలుక
అయ్యో, “కూడా” చూసుకోలేదు. ఆ “కూడా” ఉంటే నాకు అభ్యంతరం లేదు. గ్లియాయే చేస్తుంది అంటే ఒప్పుకోను, గ్లియాకు కూడా వాటా ఉంది అంటే ఒప్పుకుంటా. ఎంత వాటా అన్న దగ్గర మాత్రం మా సమావేశాల్లో ఇప్పటికీ గొంతులు లేస్తాయి.

సత్యనారాయణపురం_యోగా
ఇదంతా మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. నలభై రోజులు ప్రాణాయామం చేస్తే గ్లియా కణాలు రెట్టింపు అవుతాయి. కుంభకం అంటే అదే.

బ్రాడీపేట_4బై7
ఎవరు లెక్కపెట్టారండి, పుర్రె తెరిచి?

పీజీ_ఫిజియాలజీ
@సత్యనారాయణపురం_యోగా ప్రాణాయామం మంచిదే, నేనూ చేస్తా. రెట్టింపు మాటకు మాత్రం ఆధారం లేదు. రోజూ ఊపిరి బిగబట్టే సాధన చేసేవాళ్లు ఆ గుంజుడును ఎక్కువసేపు ఓర్చుకోగలుగుతారు, అంతవరకు చెప్పొచ్చు.

పున్నమిఘాట్_ఈతగాడు
ఊపిరి బిగబట్టడం మాట వచ్చింది కాబట్టి నాది చెప్తా. డిగ్రీ రోజుల్లో పొద్దున్నే కృష్ణలో దిగేవాళ్లం. నీళ్ల కింద ఎవరు ఎక్కువసేపు ఉంటారని పందెం. గట్టు మీద నిలబడి ఇరవై ముప్పై సార్లు గబగబా గాలి పీల్చి వదిలితే ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చని ఎవడో చెప్పాడు. నిజంగానే పనిచేసేది. లోపల అసలు గుంజేదే కాదు, హాయిగా ఉండేది. ఒకరోజు అట్లాగే దిగా. పచ్చటి నీళ్లు, పైన వెలుతురు వణుకుతోంది, అంతవరకే గుర్తుంది. తర్వాత మా బావ జుట్టు పట్టుకుని మెట్ల మీదికి లాగుతున్నాడు, నోట్లో ఇసుక. పందెం నేనే గెలిచానట. ఊపిరి ఆడట్లేదని నాకు లోపల ఎందుకు తెలియలేదు? ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

మత్తు_డాక్టరమ్మ
@పున్నమిఘాట్_ఈతగాడు మీ బావ గారికి దణ్ణం పెట్టండి. గబగబా పీల్చి వదలడంతో మీరు ఎక్కువ ఆక్సిజన్ నింపుకోలేదు, కార్బన్ డై ఆక్సైడ్‌ను ఊడ్చి పారేశారు. అది మళ్లీ పేరుకునేదాకా “ఇక చాలు” అనేవాడు నిద్రపోతుంటాడు. ఈలోపు ఆక్సిజన్ అయిపోయింది. గంట మోగకుండానే కరెంటు పోయింది. ఇట్లా చనిపోయిన మంచి ఈతగాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలున్న వాళ్లు ఈ ఒక్క ముక్క ఇంట్లో చెప్పండి: మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదలకూడదు.

నేను మత్తు డాక్టర్ని, గుంటూరులో. మీరంతా వాదించుకునే ఈ గంటను నేను రోజూ చూస్తుంటా. ఆపరేషన్ అంతసేపు ఊపిరి మిషన్‌దే. అయిపోయాక రోగి తనంతట తాను తీసుకోవాలి. మానిటర్ మీద కార్బన్ డై ఆక్సైడ్ గీత ఒకటి ఉంటుంది, గుట్టలు గుట్టలుగా కదులుతుంది, పక్కన అంకె. మిషన్ ఎక్కువగా ఊదితే ఆ అంకె 30కి దిగుతుంది, అప్పుడు ఎంత ఎదురుచూసినా రోగి ఊపిరి తియ్యడు. మత్తు దిగింది, కండరాలు బాగానే ఉన్నాయి, అయినా తియ్యడు. తియ్యాల్సిన కారణం లోపల ఎవరికీ కనపడదు. అందుకే మిషన్ తగ్గిస్తాం. 35, 38, 42. సర్జన్ గ్లవ్స్ తీసేసి “ఇంకా ఎంతసేపు మేడమ్” అంటుంటాడు. 45 దగ్గర బ్యాగు కొంచెం కదులుతుంది, గీతలో చిన్న నొక్కు పడుతుంది. అదే మొదటి ఊపిరి. పదిహేడేళ్ల సర్వీసు, ఇప్పటికీ ఆ నొక్కు చూసినప్పుడు నాకు కొంచెం తేలికవుతుంది.

నొప్పి తెలియకుండా ఇచ్చే ఫెంటానిల్ ఎక్కువ పడితే అంకె 50 దాటినా కదలరు. ఆ మందు తాళం వేసే చోటునీ మొద్దుబారుస్తుంది, రుచినీ తగ్గిస్తుంది. అది న్యూరానా గ్లియానా అని ఆ నిమిషంలో నేను అడగను, బ్యాగు నొక్కుతా.

ఆటోనగర్_నాన్న
డాక్టరమ్మ గారూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించా. “ఇంకోసారి చదువు నాన్నా” అంది.

మంగళగిరి_మెలకువ
మేడమ్, బ్రెయిన్ డెత్ అని తేల్చేటప్పుడు మిషన్ తీసి చూస్తారంటారు, అదీ ఇదేనా? మా ఇంట్లో రెండేళ్ల కింద జరిగింది. అప్పుడు ఎవరూ మాకు సరిగ్గా చెప్పలేదు. బయట నిలబెట్టి సంతకం అడిగారు, అంతే.

మత్తు_డాక్టరమ్మ
@మంగళగిరి_మెలకువ ఇదేనండి. అప్నియా టెస్ట్ అంటారు. ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇస్తాం. తర్వాత వెంటిలేటర్ తీసి, గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం వదులుతాం. ఛాతీ, పొట్ట మీద బట్ట తీసేసి చూస్తూ నిలబడతాం. ఎనిమిది, పది నిమిషాలు. రక్త పరీక్షలో కార్బన్ డై ఆక్సైడ్ 60 దాటాలి. మెడుల్లాలో ప్రాణం ఏ కాస్త మిగిలి ఉన్నా అంత పులుపుకి ఒక్క కదలికైనా వస్తుంది. రాకపోతే లోపల రుచి చూసేవాళ్లూ లేరు, తాళం వేసేవాళ్లూ లేరు. కొన్ని గంటలు ఆగి ఇంకోసారి చూస్తాం. ఆ పది నిమిషాలు గదిలో ఎవరం మాట్లాడం. మీకు ఆ రోజే ఎవరో ఒకరు ఇది కూర్చోబెట్టి చెప్పాల్సింది.

మంగళగిరి_మెలకువ
చెప్పినందుకు థాంక్స్ మేడమ్.

సింగ్‌నగర్_సుబ్బు
మా తాతయ్యకి సీఓపీడీ, గాలి గొట్టాలు ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు. నలభై ఏళ్లు చుట్ట తాగాడు. ఆయాసం వచ్చి ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ ఫుల్లుగా పెట్టారు, సాయంత్రానికి మాట మత్తుగా అయిపోయింది. వేరే డాక్టర్ వచ్చి తగ్గించాక లేచాడు. ఆక్సిజన్ ఎక్కువైతే ప్రమాదం ఏంటండీ, విచిత్రం కాకపోతే.

మత్తు_డాక్టరమ్మ
విచిత్రం కాదు. వాళ్ల ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండి, ఆ గంటకు అలవాటు పడిపోతారు. ఆక్సిజన్ తక్కువైందన్న కబురే వాళ్ల చేత ఊపిరి తీయిస్తుంది, ఫుల్లుగా పెడితే ఆ కబురూ ఆగుతుంది. అందుకే అలాంటి వాళ్లకు వేలి మీటరులో 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. 99 చూసి సంతోషపడకూడదు.

పీజీ_ఫిజియాలజీ
ఒక చిన్న సవరణ మేడమ్, కోప్పడొద్దు. ఆక్సిజన్ ఇస్తే “ఊపిరి తీసే కోరిక” పోతుందని పాత పుస్తకాల మాట. కొంత నిజమే గానీ పెద్ద భాగం వేరే. గాలి అందని ఊపిరితిత్తి భాగాల్లో మూసుకుని ఉన్న రక్తనాళాలు ఆక్సిజన్‌కు తెరుచుకుంటాయి, రక్తం అనవసరమైన చోటుకి పోతుంది. పైగా ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్ కార్బన్ డై ఆక్సైడ్‌ను వదిలేస్తుంది.

మత్తు_డాక్టరమ్మ
కోపం ఎందుకు నాయనా, వైవాలో నేను అడిగే ప్రశ్నే అది. పాసయ్యావు.

లడఖ్_బండి
నేను గుంటూరు నుంచి లేహ్‌కి బండి మీద పోయినప్పుడు రాత్రిళ్లు గుక్కతిప్పుకోలేక లేచేవాణ్ణి. పక్కవాడు చూసి చెప్పాడు: “నీ ఊపిరి పెద్దగా, ఇంకా పెద్దగా, తర్వాత చిన్నగా, ఆగిపోయింది అనుకునేలోపు మళ్లీ మొదలైంది” అని. వాడు రాత్రంతా నిద్రపోలేదు, నా ఊపిరి లెక్కపెట్టుకుంటూ. డైమాక్స్ మాత్ర ఇచ్చాక తగ్గింది. దానికీ దీనికీ ఏమన్నా ఉందా?

పీజీ_ఫిజియాలజీ
ఉంది. పైన ఆక్సిజన్ తక్కువ కాబట్టి రక్తంలో ఆక్సిజన్‌ను పసిగట్టే, మెడ దగ్గరి కెరోటిడ్ బాడీలు ఎక్కువ ఊపిరి తీయిస్తాయి. దాంతో కార్బన్ డై ఆక్సైడ్ ఊడ్చుకుపోతుంది, మెదడు గంట ఆగిపోతుంది, ఊపిరి ఆగుతుంది. ఆగితే మళ్లీ పేరుకుంటుంది. రెండు కాపలాదార్లు ఒకరి మాట ఒకరు వినకపోతే జరిగే రచ్చ. డైమాక్స్ మూత్రంలో బైకార్బొనేట్ పోయేలా చేసి రక్తాన్ని కాస్త పులుపు చేస్తుంది, గంట మళ్లీ మోగుతుంది.

తెనాలి_తోడికోడలు
నేను రోజూ నిట్టూరుస్తుంటానని మా అత్తగారు “ఇంటికి అరిష్టం” అంటారు. దానిక్కూడా మెదడులో ఒక చోటు ఉందా? ఉంటే ఆవిడకు చూపిస్తా.

ల్యాబ్_ఎలుక
@తెనాలి_తోడికోడలు ఉందక్కా, అదే బోట్జింగర్ సీసా దగ్గరే. మనిషి గంటకు పదో పన్నెండో నిట్టూర్పులు తనకు తెలియకుండానే విడుస్తాడు. నలిగిపోయిన గాలి తిత్తులు మళ్లీ విచ్చుకోవడానికి. విడవకపోతేనే అరిష్టం. ఇంకో ముక్క, ఇది నా వాదానికి వ్యతిరేకమే అయినా చెప్పాలి. 2018లో గూరిన్ బృందం ఎలుకల్లో ఆ చోటున ఉన్న ఆస్ట్రోసైట్లు రసాయనాలు వదలకుండా అడ్డుకుంది. ఊపిరి వేగం తగ్గింది, నిట్టూర్పులు తగ్గాయి, పరిగెత్తే శక్తి కూడా తగ్గింది. కాబట్టి తాళం న్యూరాన్లదే అయినా పక్కవాయిద్యం గ్లియాదే.

తెనాలి_తోడికోడలు
ఫోన్ చేతికిచ్చి చదవమన్నా. చదివి ఆవిడే ఒక నిట్టూర్పు విడిచింది.

అడ్మిన్_అరండల్‌పేట
అత్తాకోడళ్ల థ్రెడ్ వేరే ఉంది. ఊపిరి మీదే ఉండండి.

నల్లపాడు_పిన్ని
చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. మా అక్క కూతురికి రెట్ సిండ్రోమ్, మెదడు ఎదుగుదలను దెబ్బతీసే జన్యు జబ్బు. ఏడేళ్లు. మెలకువగా ఉన్నప్పుడు గబగబా ఊపిరి తీస్తుంది, తర్వాత ఆపేస్తుంది. పెదాలు నీలం అవుతాయి. మేమంతా గుడ్లప్పగించి చూస్తూ అంకెలు లెక్కపెడతాం. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. మళ్లీ తీస్తుంది. నిద్రలో మాత్రం మామూలుగానే ఉంటుంది. ఈ గ్లియాకీ దానికీ సంబంధం ఉందని ఎక్కడో చూశా. నిజమేనా?

పీజీ_ఫిజియాలజీ
@నల్లపాడు_పిన్ని జాగ్రత్తగా చెప్తా అండి, ఆశ పెట్టి దించడం ఇష్టం లేదు. రెట్ చాలామందిలో మెక్‌పీ2 అనే జన్యువు లోపం వల్ల వస్తుంది. 2011లో ‘నేచర్’లో వచ్చిన ప్రయోగంలో, ఆ జన్యువు పనిచెయ్యని చిట్టెలుకల్లో ఆస్ట్రోసైట్లలో మాత్రమే దాన్ని తిరిగి పనిచేయించారు. న్యూరాన్లలో లోపం అట్లాగే ఉంది. అయినా వాటి ఊపిరి తీరు మెరుగైంది, నడక మెరుగైంది, ఎక్కువకాలం బతికాయి. ఇది చిట్టెలుకల్లో జరిగింది, పాపకు ఇవ్వగలిగిన మందు కాదు. కానీ జిగురు అని పక్కన పెట్టిన కణాలను బాగుచేస్తే ఊపిరి బాగుపడిందన్నది ఈ గొడవ మొత్తంలో నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం.

నల్లపాడు_పిన్ని
అర్థమైంది బాబూ. అక్కకి ఈ నాలుగు లైన్లే పంపిస్తా.

ల్యాబ్_ఎలుక
దీనికి నా దగ్గర ఎదురు వాదం లేదు.

ఇంకో వైపుది కూడా చెప్పి ముగిస్తా. వార్విక్ యూనివర్సిటీలో నికొలస్ డేల్ వాళ్లు పులుపు దాకా పోనక్కర్లేదు, కార్బన్ డై ఆక్సైడే నేరుగా గ్లియాను పట్టుకుంటుంది అంటారు. ఆస్ట్రోసైట్ల పొరలో కనెక్సిన్ 26 అని ఒక ద్వారం ఉంది. దాని మీద కార్బన్ డై ఆక్సైడ్ అతుక్కుంటే ద్వారం తెరుచుకుని ఏటీపీ బయటికి కారుతుంది. అతుక్కునే చోటు ఏ అమైనో ఆమ్లమో కూడా 2013లో చూపించారు. అంటే సెన్సర్లు రెండు కాదు, కనీసం మూడు. నాన్నగారి ఆటోనగర్ లెక్క ఇంకా పెంచాలి.

ఆటోనగర్_నాన్న
మూడు సెన్సర్లంటే బండి ఖరీదైనదే. సోమవారం వెళ్తున్నా. 2010ది, 2011ది, 2015ది మూడూ ప్రింటు తీయించా. మూడోది మనకు ఎదురు కాగితం కదా, అదెందుకు అని అమ్మాయిని అడిగితే “అదీ చూపించాలి నాన్నా, లేకపోతే మోసం” అంది.

గవర్నర్‌పేట_మాస్టారు
ఆ పిల్లకి నేను నాలుగుకి నాలుగు ఇచ్చేవాణ్ణి. కానీ బాబూ, స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందు అడగొద్దు. పక్కకు పిలిచి అడగండి. నలుగురి ముందైతే ఏ మాస్టారూ తప్పు ఒప్పుకోడు, నాతో సహా. పబ్లిక్ పరీక్షలో మాత్రం పుస్తకం ముక్క ముందు రాసి, ఇది చివర్లోనే రాయమనండి. “కూడా” వదలొద్దు.

మిర్చియార్డ్_మూర్తి
ఏమైందో చెప్పాలి. సోమవారం యార్డులో కాటా మధ్యలో కూడా ఫోన్ చూస్తా.

ఆటోనగర్_నాన్న
వెళ్లొచ్చా. మాస్టారు చెప్పినట్టే వరండాలోకి పిలిచా. కుర్రాడే, నా మేనల్లుడి వయసుంటుంది. కాగితాలు నిలబడే చదివాడు, 2015ది రెండుసార్లు చదివాడు. “ఇది నాకు అనుకూలంగా ఉందండి” అన్నాడు. “అందుకే తెచ్చా” అన్నా. కాసేపు మాట్లాడలేదు. వారానికి ఎనిమిది వందల పేపర్లు దిద్దుతున్నానని చెప్పాడు. మార్కు కలపలేదు, ర్యాంకులు అప్పటికే పైకి పంపేశారట. కాగితాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు, జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఫోన్ మా అమ్మాయి లాక్కుంటోంది.

ఆటోనగర్_నాన్న
నేను వాళ్ల అమ్మాయిని. పీజీ అన్నయ్యా, మెడ దగ్గరి కెరోటిడ్ బాడీలో ఆక్సిజన్ పసిగట్టేవి గ్లోమస్ కణాలు అని ఉంది. వాటి చుట్టూ ఇంకో రకం కణాలు చుట్టుకుని ఉన్నట్టు బొమ్మలో ఉంది, పేరు వెయ్యలేదు. అవి కూడా గ్లియానేనా? అవి కూడా ఏమన్నా చేస్తాయా, లేక ఊరికే చుట్టుకుని ఉంటాయా?

పీజీ_ఫిజియాలజీ
సస్టెంటాక్యులర్ కణాలు. గ్లియా లాంటివే. ఊరికే ఉండవు, వాటికీ ఏటీపీ భాష వచ్చు. రేపు నైట్ డ్యూటీ అయ్యాక కూర్చుని రాస్తా, వాటి కథ వేరే.

ల్యాబ్_ఎలుక
నేను ఈలోపే ఎదురు వాదం సిద్ధం చేసుకుంటా తల్లీ.